పక్షుల వరుస: జన్యుసాక్ష్యం తేల్చినది, తేల్చనిది

థామస్ జెర్డన్ 1862–64 మధ్య వెలువరించిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ రాబందులతో మొదలవుతుంది. ఒకప్పుడు నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన ఈ వైద్యుడు, తనకు దొరికినంతవరకు పక్షుల తెలుగు పేర్లను కూడా అందులో నమోదు చేశాడు. 1922లో స్టూవర్ట్ బేకర్ ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ రెండవ కూర్పులోని పక్షుల సంపుటాలను కాకి కుటుంబంతో ఆరంభించాడు. 1968లో సాలిం అలీ, డిలన్ రిప్లీల పది సంపుటాల ‘హ్యాండ్‌బుక్’ నీటిలో మునిగి వేటాడే డైవర్లు, మునుగుడు కోళ్ళతో మొదలైంది. 1998లో గ్రిమ్మెట్, ఇన్‌స్కిప్ దంపతులు కూర్చిన క్షేత్రగ్రంథం కౌజులు, అడవికోళ్ళతో మొదలైంది. భూభాగం అదే, పక్షులూ దాదాపు అవే. పుస్తకం మారినప్పుడల్లా తొలిపుట మారింది.

ఈ మార్పులు సంపాదకుల ఇష్టాయిష్టాల వల్ల వచ్చినవి కావు. ప్రతి వరుస వెనుకా ఒక సిద్ధాంతం ఉంది. లినేయస్ 1758లో పక్షులను ఆరు క్రమాలుగా విభజించి వేటపక్షులను అన్నిటికన్నా ముందు నిలిపాడు. జెర్డన్ పుస్తకంలో ఆ ప్రాధాన్యం కొనసాగింది. కాకులను పక్షిలోకంలో అత్యున్నతమైనవిగా ఎంచినవారు వాటికి మొదటి పుట ఇచ్చారు. అమెరికన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ వెట్మోర్ 1930లో ప్రకటించి, 1960 వరకు సవరిస్తూ వచ్చిన వర్గీకరణ దీనిని తలకిందులు చేసింది: ప్రాచీనమని తోచినవి ముందు, నవీనమని తోచినవి చివర. అలీ, రిప్లీల వరుస ఆ ధోరణికి చెందినదే. చివరి స్థానం ఎవరిదన్న దానిపైనా ఏకాభిప్రాయం కుదరలేదు. వెట్మోర్ పక్షం పిచ్చుకల వంటి గింజలు తినే ఫించ్‌లను చివర నిలిపితే, ఎర్నెస్ట్ మాయర్ పక్షం కాకులను నిలిపింది.

తెలుగులో ‘వరుస’ అంటే ఒకదాని వెనుక ఒకటి నిలిచిన బారు. బంధుత్వమని కూడా అర్థం. ‘ఆయన మీకేం వరుస?’ అని అడిగేవారు బారు సంగతి అడగడం లేదు. పక్షుల జాబితాలు చేసేవారు వందేళ్ళకు పైగా ఈ రెండర్థాలనూ ఒక్కటి చేయాలని ప్రయత్నిస్తున్నారు: బారులో పక్కపక్కన నిలిచినవి బంధుత్వంలోనూ దగ్గరివి కావాలి. జన్యుసాక్ష్యం అందుబాటులోకి వచ్చాక ఆ ప్రయత్నం ఫలించిందనే నమ్మకం బలపడింది. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించవలసి ఉంది.

చెట్టును బారుగా పరచడం

మొదటి చిక్కు జన్యువులలో లేదు, జాబితా స్వరూపంలోనే ఉంది. బంధుత్వం కొమ్మలు కొమ్మలుగా చీలే చెట్టు. జాబితా ఒకే గీత. చెట్టును గీతగా పరిచేటప్పుడు ప్రతి చీలిక దగ్గరా రెండు కొమ్మలలో దేనినైనా ముందు రాయవచ్చు, బంధుత్వం చెడదు. అందుచేత నాలుగు జాతుల చెట్టును ఎనిమిది విధాలుగా, పది జాతుల చెట్టును 512 విధాలుగా వరుసపెట్టవచ్చు. అన్నీ సరైనవే. నేడు ప్రపంచ జాబితాలలో పక్షిజాతుల సంఖ్య 11 వేలు దాటింది.

ఈ అయోమయం నుంచి బయటపడడానికి జాబితాకారులు ఒక నియమం పెట్టుకున్నారు: చీలిక దగ్గర తక్కువ జాతులున్న కొమ్మను ముందు రాయాలి. నిప్పుకోళ్ళు, వాటి బంధువులు మొదట రావడానికీ, ఆ తరువాత బాతులు, కోళ్ళు రావడానికీ, జాతుల సంఖ్యలో సగానికి మించిన పాసెరైన్లు, అంటే కాకి, పిచ్చుక, గోరింక వంటివి, చివర నిలవడానికీ కారణం ఇదే. ఇందులో ఉన్నతం, నీచం అన్న తారతమ్యం లేదు. నిప్పుకోడి వంశం కాకి వంశం కన్నా పాతదీ కాదు. రెండూ ఒకే మూలం నుంచి ఒకే కాలం నడిచి వచ్చాయి. అయినా మొదట ఉన్నది ఆదిమమనీ, చివర ఉన్నది పరిణతమనీ చదువుకునే అలవాటు పాఠకులలో ఇంకా పోలేదు. పాతకాలపు మెట్లవరుస పుస్తకంలో నుంచి తొలగిపోయినా చదివేవారి మనసులో మిగిలింది.

వేడిమితో కొలిచిన బంధుత్వం

జన్యుసాక్ష్యంతో మొత్తం పక్షిజాబితాను తిరగరాసిన తొలి సాహసం చార్ల్స్ సిబ్లీ, జాన్ ఆల్‌క్విస్ట్‌లది. వారి పద్ధతి సూత్రప్రాయంగా సులువైనది. డి.ఎన్.ఏ. రెండు పోగుల పేట. వేడిచేస్తే పోగులు విడిపోతాయి, చల్లారిస్తే మళ్ళీ జతకడతాయి. రెండు జాతుల పోగులను కలిపి జతకట్టించి, ఆ సంకరపేట ఎంత వేడికి విడిపోతుందో కొలిస్తే బంధుత్వం తెలుస్తుంది: దగ్గరి బంధువులైతే ఎక్కువ వేడి కావాలి, దూరపువైతే తక్కువ చాలు. సుమారు 1,700 జాతుల మీద ఈ కొలతలు తీసి, 1986లో ఒటావాలో జరిగిన అంతర్జాతీయ పక్షిశాస్త్ర మహాసభలో వారు తమ మహావృక్షాన్ని ప్రదర్శించారు. 1990లో వారి గ్రంథం, అదే ఏడాది సిబ్లీ, మన్రోల ప్రపంచజాబితా వెలువడ్డాయి. భారత ఉపఖండం పుస్తకం 1998లో కౌజులతో మొదలైందంటే అది ఈ జాబితా ప్రభావమే.

వారి విజయాలు చిన్నవి కావు. ఆస్ట్రేలియాలోని పాటపిట్టలను యూరపు పిట్టల శాఖలుగా చూసే అలవాటును ఆ కొలతలు తోసిపుచ్చాయి. అవి ఆ ఖండంలోనే విడిగా వికసించిన వంశాలని చెప్పాయి. తరువాతి పరిశోధనలు దీనిని స్థూలంగా బలపరిచాయి.

అయితే ఆ పద్ధతి చెప్పేది ఒకే ఒక అంకె, ఇద్దరి మధ్య దూరం. ఆ పోలిక ఉమ్మడి పూర్వీకుల నుంచి చెక్కుచెదరక మిగిలినదా, ఆ ఇద్దరికే ప్రత్యేకంగా కొత్తగా ఏర్పడినదా అన్నది ఆ అంకె చెప్పదు. బంధుత్వాన్ని రుజువు చేసేది రెండవ రకం పోలిక మాత్రమే. పైగా కొన్ని వంశాలలో జన్యుమార్పు వేగంగా, కొన్నింటిలో నిదానంగా జరుగుతుంది. నిదానంగా మారినవి లేని చుట్టరికాన్ని చూపగలవు. ఇంతకన్నా తీవ్రమైన అభ్యంతరం 1988లో వచ్చింది. మనిషి, చింపాంజీ, గొరిల్లాల మీద ఇదే పద్ధతితో వారు ప్రకటించిన ఫలితాలలో మూల కొలతలను సవరించారనీ, ఆ సవరణలను పాఠకులకు తెలపలేదనీ జోనథన్ మార్క్స్, కార్ల్ ష్మిడ్, విన్సెంట్ సారిచ్‌లు విమర్శించారు.

మనిషికి గొరిల్లా కన్నా చింపాంజీయే దగ్గరన్న వారి నిర్ణయం తరువాత నిజమని తేలింది. కాని జవాబు సరైనదైనంత మాత్రాన లెక్క సరైనది కాదు. లెక్క కనిపించని చోట, సరైన జవాబును తప్పు జవాబు నుంచి వేరుచేసే దారి చదివేవారికి లేదు. జాబితాను ఆమోదించినవారు ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల ఏమైందో అమెరికా రాబందు చరిత్ర చెబుతుంది.

ఒక రాబందు, నాలుగు చిరునామాలు

అమెరికా రహదారుల మీద గిరికీలు కొట్టే టర్కీ రాబందును చూసిన తెలుగువారు దానిని రాబందు అనే పిలుస్తారు. బట్టతల, వెడల్పాటి రెక్కలు, కళేబరాలు తినే అలవాటు అన్నీ సరిపోతాయి. కాని దీనికి కూతపెట్టెగా పనిచేసే స్వరాంగం లేదు; బుసకొట్టగలదు, అంతే. భారతదేశపు రాబందులు చూపుతో ఆహారం వెతికితే ఇది వాసన పట్టి వెతుకుతుంది. ఎండవేళ కాళ్ళ మీద రెట్ట వేసుకుని చల్లబరుచుకునే అలవాటు దీనికీ కొంగజాతికి చెందిన స్టార్క్‌లకూ ఉమ్మడి. 19వ శతాబ్దంలో ఆల్‌ఫ్రెడ్ గారడ్, 1967లో డేవిడ్ లైగన్ శరీరనిర్మాణం ఆధారంగా ఇవి స్టార్క్‌లకు బంధువులని వాదించారు. సిబ్లీ కొలతలు ఆ మాటకు వంతపాడాయి.

శరీరమూ జన్యువూ ఒకే మాట చెప్పినట్టు కనిపించడంతో, అమెరికన్ పక్షిశాస్త్రవేత్తల సంఘం 1998 నాటి ఏడవ జాబితాలో ఈ రాబందులను వేటపక్షుల నుంచి తీసి స్టార్క్‌ల క్రమంలో చేర్చింది. జన్యువులలోని అక్షరాలను నేరుగా చదివే రోజులు రాగానే ఆ చుట్టరికం నిలవలేదు. 2007లో వాటిని తిరిగి వేటపక్షులలోకి తెచ్చారు. 2010లో గద్దలు, గరుడపక్షులను ఫాల్కన్ల నుంచి విడదీసినప్పుడు ఇవి గద్దల వెంట వెళ్ళాయి. 2016లో వీటికే ప్రత్యేక క్రమం ఏర్పడింది. పద్దెనిమిదేళ్ళలో నాలుగు చిరునామాలు. ఆకాశంలో పక్షి మాత్రం మారలేదు.

ఫాల్కన్ల కథ దీనికి భిన్నం. తెలుగులో డేగ అన్న మాట వేటాడే తీరును బట్టి వచ్చింది. చిన్నపిట్టలను తరిమే షిక్రా డేగే, ఆకాశం నుంచి దూసుకువచ్చే బైరి కూడా డేగే. వంకరముక్కు, వాడిగోళ్ళు చూసి శాస్త్రజ్ఞులూ చాలాకాలం రెండిటినీ ఒకే క్రమంలో ఉంచారు. 2008లో శానన్ హాకెట్ బృందం 169 జాతులలో 19 జన్యుస్థానాలను చదివినప్పుడు బైరి వంశం గద్దల పక్కన కాక చిలుకలు, పాసెరైన్ల పక్కన వచ్చి నిలిచింది. 2011లో అలెగ్జాండర్ సూ, సహచరులు వేరే రకం ఆధారాన్ని తెచ్చారు. జన్యుపదార్థంలో అప్పుడప్పుడు ఒకచోటి నుంచి నకలై మరోచోట అతుక్కునే ముక్కలుంటాయి. ఒకే ముక్క ఒకే చోట రెండు వంశాలలో విడివిడిగా అతుక్కోవడం చాలా అరుదు. ఆ అతుకులు చిలుక, పాసెరైన్, ఫాల్కన్ల చుట్టరికాన్నే చూపాయి. 2012లో అమెరికన్ జాబితా ఫాల్కన్లను, చిలుకలను పాసెరైన్ల ముందుకు చేర్చింది. ఆ స్థానం నేటికీ చెదరలేదు.

రెండు మార్పులూ జన్యువుల పేరుతోనే జరిగాయి. ఒకటి నిలిచింది, ఒకటి కూలింది. ఫాల్కన్ల విషయంలో, తప్పితే వేర్వేరు కారణాల వల్ల తప్పవలసిన సాక్ష్యాలు ఒకే మాట చెప్పాయి. రాబందు విషయంలో సాక్ష్యాలు రెండున్నట్టు కనిపించినా రెండూ పోలికను కొలిచినవే, పోలిక ఎప్పటిదో చెప్పలేనివే.

జీనోమ్ మొత్తం చదివినా

పద్ధతి పాతది కనుక సిబ్లీ తడబడ్డాడనీ, జీనోమ్ మొత్తం చదవగలిగితే చిక్కు విడిపోతుందనీ ఆశించినవారు చాలామంది. 2014 డిసెంబరులో ఎరిక్ జార్విస్ తదితరుల బృందం 48 జాతుల సంపూర్ణ జీనోమ్‌లతో వంశవృక్షాన్ని ప్రకటించింది. కోళ్ళు, బాతులు, నిప్పుకోళ్ళు పోగా మిగిలిన పక్షులన్నిటిలో తొలి చీలిక దగ్గర పావురాలూ, ఫ్లెమింగోలూ, మునుగుడు కోళ్ళూ ఒకే కొమ్మగా విడిపోయాయని అది చెప్పింది. ఏడాది తిరగకముందే రిచర్డ్ ప్రమ్ తదితరులు 198 జాతులలో 259 జన్యుస్థానాలు చదివి వేరే మాట చెప్పారు: తొలుత విడిపోయిన కొమ్మ తేనెపిట్టలను పోలిన హమ్మింగ్‌బర్డ్‌లు, స్విఫ్ట్‌లు, రాత్రించరులైన నైట్‌జార్‌లది. 2024లో జోసెఫీన్ స్టిల్లర్ తదితరులు 363 జాతుల జీనోమ్‌లతో మూడవ జవాబు ఇచ్చారు: ఫ్లెమింగోలు, మునుగుడు కోళ్ళు విడిగా ముందు, పావురాలు మరో కొమ్మలో.

2014 నాటి జవాబు ఎందుకు తప్పిందో కూడా 2024లోనే తెలిసింది. సియావష్ మిరారబ్ బృందం చూపినది ఇది: కోడి నాలుగవ క్రోమోసోముతో సరిపోలే చోట సుమారు 2 కోట్ల 10 లక్షల అక్షరాల పొడవున్న ఒక ఖండం, తరతరాల జన్యువుల కలబోతలో పాల్గొనకుండా, చాలాకాలం ఒకే మూటగా ప్రయాణించింది. ఆ మూట చెప్పే చరిత్ర మిగిలిన జీనోమ్ చెప్పే చరిత్ర కాదు. ఒకే సాక్షి వేలసార్లు మాట్లాడితే వేలమంది సాక్షులని లెక్కకట్టినట్టయింది.

దీని మూలం పక్షుల చరిత్రలోనే ఉంది. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందటి మహావినాశనం చుట్టుపక్కల కాలంలో పక్షివంశాలు చాలా వేగంగా చీలిపోయాయి. ఉమ్మడి కుటుంబం ఒకే ఏడాదిలో మూడు నాలుగు సార్లు పంపకాలు చేసుకుంటే, తాతమ్మ పేటలోని జంట నగలు దగ్గరి అన్నదమ్ముల ఇళ్ళకు కాక, దూరపు ఇద్దరి ఇళ్ళకు చేరవచ్చు. నగలను మాత్రమే చూసి బంధుత్వం చెబితే పొరపాటు తప్పదు. జన్యువుల పంపకమూ అటువంటిదే. ఒక్కొక్క జన్యువుది ఒక్కొక్క చరిత్ర. కొన్ని చీలికలు ఇంచుమించు ఒకేసారి జరిగాయనీ, వాటిలో ఏది ముందన్న ప్రశ్నకే అర్థం లేకపోవచ్చనీ సూ 2016లో వాదించాడు. దక్షిణ అమెరికా నదీతీరాల్లో ఆకులు తిని బతికే హోట్జిన్‌కు ఎవరు దగ్గరి బంధువులో ఈ అధ్యయనాలు ఒక్కమాటగా చెప్పలేకపోవడం ఇందుకు నిదర్శనం.

ఇన్ని విభేదాల మధ్య కదలని సంగతులూ ఉన్నాయి. పులికాట్ సరస్సులో బారులు తీరే పొడుగుకాళ్ళ ఫ్లెమింగోకూ, ఊరి చెరువులో బుడుంగున మునిగే మునుగుడు కోడికీ ఉన్న దగ్గరి చుట్టరికం 2001లో వాన్ టూయినెన్ తదితరుల పరిశోధనలో తొలిసారి బయటపడింది. చూపుకు అంతకన్నా అసంభవమైన జంట లేదు. అయినా మూడు మహావృక్షాలూ దానిని అంగీకరించాయి. ఎముకలలోనూ ఆధారాలు దొరికాయి. అమెరికా రాబందులు గద్దల బంధువులన్నదీ ఇప్పుడు అలా నిలిచిన విషయమే. నేటి జాబితా ఈ దృఢమైన చుట్టరికాన్నీ, పావురాల అస్థిరస్థానాన్నీ ఒకే అక్షరాలతో, ఒకే ధీమాతో అచ్చువేస్తుంది. జన్యుసాక్ష్యం మీద కాదు, ఆ ధీమా మీదనే విమర్శ అవసరం.

వరుస తప్పితే పోయేదేమిటి

పుస్తకంలో పుటలు అటూ ఇటూ అయితే ఎవరికి నష్టం అన్న ప్రశ్నకు జవాబు దక్షిణాసియా రాబందుల మృత్యుకథలో ఉంది. భారతదేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య 1992–2007 మధ్య 99.9 శాతం పడిపోయినట్టు సర్వేలు చూపాయి. కారణం పశువులకు నొప్పి తగ్గించడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అని 2004లో లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో నిరూపించింది. మందు మిగిలిన కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు చెడి, యూరిక్ ఆమ్లం అవయవాల మీద తెల్లగా పేరుకుని చనిపోతుంది. 2006లో భారత ప్రభుత్వం ఆ మందును పశువైద్యానికి తయారుచేయడాన్ని నిషేధించింది.

ప్రత్యామ్నాయం వెతకడం మరీ కష్టం. చావుకు దగ్గరైన జాతి మీద కొత్త మందును పరీక్షించకూడదు. అందుకని జెర్రీ స్వాన్ తదితరులు మెలాక్సికామ్‌ను ముందుగా ఆఫ్రికాలోని తెల్లవీపు రాబందుల మీద పరీక్షించారు. అవీ భారతీయ రాబందుల ప్రజాతియైన ‘గిప్స్’కు చెందినవే, డైక్లోఫెనాక్‌కు అవీ చనిపోతాయని అప్పటికే తెలుసు. అక్కడ క్షేమమని తేలిన తరువాతే ఆసియా రాబందులకు ఇచ్చి చూశారు. ఒకప్పుడు తోకలో 14 ఈకలకు బదులు 12 ఉన్నాయన్న కారణంగా తెల్లవీపు రాబందులను వేరే ప్రజాతిలో పెట్టేవారు. అవి గిప్స్‌లోనే ఉండాలని జన్యుసాక్ష్యమూ సమర్థించింది.

అమెరికాలో టర్కీ రాబందు మీద డైక్లోఫెనాక్‌ను పరీక్షించినప్పుడు, గిప్స్ రాబందులను చంపుతుందని అంచనా వేసిన మోతాదుకు నూరు రెట్లకు మించి ఇచ్చినా అది తట్టుకుందని 2008లో బార్నెట్ రాట్నర్ బృందం ప్రకటించింది. పేరులోని పోలికను నమ్మి, ‘రాబందు’ మీద ముందుగా ఈ పక్షిలో పరీక్ష చేసి ఉంటే, మందు నిరపాయమనే తీర్పు వచ్చేది. మరోవైపు రాజస్థాన్‌లో చనిపోయిన స్టెప్పీ గరుడపక్షులలో డైక్లోఫెనాక్ విషలక్షణాలు కనిపించాయని 2014లో ప్రకటించారు. పేరుకు అవి రాబందులు కావు. కాని భారతీయ రాబందులకు టర్కీ రాబందు కన్నా చాలా దగ్గరి బంధువులు. తెలంగాణలో బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద గూళ్ళు కట్టిన పొడుగుముక్కు రాబందుల భవితవ్యం కూడా ఏ మందు ఏ వంశానికి విషమన్న ఈ జ్ఞానంతో ముడిపడి ఉంది.

చుట్టరికం ఒక్కటే విషాన్ని నిర్ణయించదు. ఆఫ్రికా పక్షి మీద పరీక్ష అయిన తరువాత ఆసియా పక్షి మీద కూడా చేయడం అందుకే. కాని ఎక్కడ నుంచి వెతకడం మొదలుపెట్టాలో చెప్పేది అదే. మంచి వర్గీకరణ భద్రపరిచిన పేర్ల బీరువా కాదు; చూడని సంగతిని ముందుగా ఊహించడానికి సాధనం. ఊహ మీద ప్రాణాలు ఆధారపడినప్పుడు, ఆ సాధనం ఎక్కడ నమ్మదగినదో, ఎక్కడ కాదో వాడేవారికి తెలియాలి.

జాబితా చెప్పవలసినది

2025లో వేర్వేరు ప్రపంచజాబితాలను ఏకం చేస్తూ ‘ఎవిలిస్ట్’ వెలువడింది. ఒకే పక్షికి ఒక్కొక్క జాబితాలో ఒక్కొక్క పేరు, స్థానం ఉండే గందరగోళం దీనివల్ల తగ్గుతుంది, అది మేలే. అయితే సంఘసభ్యుల ఏకాభిప్రాయం వేరు, ప్రకృతిలోని నిజం వేరు. అమెరికన్ సంఘం తన ప్రతిపాదనలను, సభ్యుల ఓట్లను, వ్యాఖ్యలను బహిరంగంగా ఉంచుతున్నది. ఎవరు ఎందుకు సందేహించారో అక్కడ చదవవచ్చు. ఆ సందేహం అచ్చయిన జాబితాలోకి మాత్రం రాదు. క్షేత్రంలో పుస్తకం పట్టుకున్నవారి చేతికి అందేది తీర్పే, వాదన కాదు.

ఈ లోపాన్ని సరిచేయడం కష్టమైన పని కాదు. రక్తపరీక్ష నివేదిక అంకెతో పాటు దాని మామూలు హద్దులను కూడా చూపుతుంది. జాబితాలో ప్రతి క్రమం పక్కనా చిన్న గుర్తు ఉంటే చాలు: ఈ స్థానాన్ని స్వతంత్రమైన సాక్ష్యాలు బలపరుస్తున్నాయి, ఈ స్థానం ఒకే రకం సాక్ష్యం మీద నిలిచింది, ఈ స్థానం తేలలేదు, సౌకర్యం కోసం ఇక్కడ ఉంచాము. అలా ఉంటే ఫ్లెమింగో పక్కన మొదటి గుర్తు, హోట్జిన్ పక్కన మూడవ గుర్తు ఉండేవి. 1998లో అమెరికా రాబందు పక్కన రెండవ గుర్తు ఉండి ఉంటే, తరువాతి మూడు మార్పులూ ఎవరినీ ఆశ్చర్యపరిచేవి కావు.

తరచూ మారే వరుసను చూసి శాస్త్రానికి నిలకడ లేదని విసుక్కునేవారున్నారు. జన్యువులు చెప్పాక ఇక ప్రశ్నించేదేముందని అనేవారూ ఉన్నారు. ఇద్దరూ బారునే చూస్తున్నారు, బంధుత్వాన్ని కాదు. జన్యుసాక్ష్యం వల్ల కలిగిన నిజమైన లాభం కొత్త వరుస కాదు. ఏ చుట్టరికం గట్టిదో, ఏది ఇంకా తేలవలసినదో విడదీసి చెప్పగలగడం దాని వల్లనే సాధ్యమైంది. జాబితా ఆ భేదాన్ని దాచినంతకాలం, ఎన్ని జీనోమ్‌లు చదివినా తొలిపుట మారుతుందే తప్ప చదివే తీరు మారదు.